ఇన్‌స్టాల్ మధ్యలో కెర్నల్ పానిక్ వస్తే నేరుగా ర్యామ్ మార్చేయడమేనా?

బ్రాడీపేట 4వ లైన్:
గుంటూరులో బీటెక్ చదువుతున్నా. సెకండ్ హ్యాండ్‌లో ఒక డెస్క్‌టాప్ కొన్నాను. 9వ తరం ఐ5 ప్రాసెసర్, జెడ్390 మదర్‌బోర్డు, 8 జీబీ ర్యామ్ స్టిక్కులు రెండు, అవి కూడా వేర్వేరు కంపెనీలవి. ఉబుంటు 24.04 (లినక్స్) పెన్‌డ్రైవ్ పెడితే లైవ్ స్క్రీన్ (ఇన్‌స్టాల్ చేయకుండా పెన్‌డ్రైవ్ నుంచే నడిచేది) చక్కగా వస్తోంది, వీడియో కూడా ఆడుతోంది, కానీ ఇన్‌స్టాల్ నొక్కాక ఫైళ్లు కాపీ అయ్యే దగ్గర కెర్నల్ పానిక్, అంటే లినక్స్ ఎర్రర్ చూపించి మొత్తం ఆగిపోతోంది. మూడుసార్లు ఫొటో తీశాను: మొదటిది పేజ్ ఫాల్ట్ (మెమరీలో తప్పు అడ్రస్ తాకడం), రెండోది జనరల్ ప్రొటెక్షన్ ఫాల్ట్, మూడోసారి స్క్వాష్‌ఎఫ్‌ఎస్ (పెన్‌డ్రైవ్‌లో కంప్రెస్ చేసి ఉన్న ఇమేజ్) ఎర్రర్లు వరసగా వచ్చి ఆగిపోయింది. మెమ్‌టెస్ట్ (ర్యామ్‌ని పరీక్షించే ప్రోగ్రామ్) ఒక పాస్ వేస్తే ఒక్క ఎర్రర్ లేదు. ఒక షాపులో అడిగితే మిషన్ తెరవకుండానే రెండు స్టిక్కులూ మార్చాలన్నారు. ఇంట్లో మళ్లీ డబ్బు అడగాలంటే టెన్షన్‌గా ఉంది. మార్చాల్సిందేనా?

గవర్నర్‌పేట సర్వీస్:
తమ్ముడూ, నేను విజయవాడలో ఈ పనే చేస్తాను. ఇన్‌స్టాల్‌లో పానిక్ అయ్యే మిషన్లలో ఎక్కువ వాటికి ర్యామే కారణం, నేను చూసినంతలో. ముందు పవర్ తీగ పీకి, స్టిక్కుల బంగారు రంగు పళ్లను రబ్బరుతో తుడిచి, పొడి దులిపి మళ్లీ పెట్టు. అప్పటికీ పానిక్ అయితే మార్చేయ్. ఒక పాస్ మెమ్‌టెస్ట్‌ని నమ్మొద్దు.

పటమట లినక్స్:
ఒక పాస్‌ని నమ్మొద్దన్న మాట నిజం. కానీ అక్కడి నుంచి "మార్చేయ్" అనే మాటకి ఎలా దూకారో నాకు అర్థం కాలేదండి. మెసేజ్‌లో మెమరీ అని ఉన్నంత మాత్రాన తప్పు స్టిక్కుదే అనుకోకూడదు. డ్రైవర్ తప్పు అడ్రస్ తాకినా పేజ్ ఫాల్టే వస్తుంది. ముందు చూడాల్సింది పానిక్ ఎక్కడ వస్తోందని. ప్రతిసారీ ఒకే ఫంక్షన్ పేరు, నల్ పాయింటర్ అని కనిపిస్తే ముందు డ్రైవర్‌ని అనుమానించాలి, అది గ్రాఫిక్స్ డ్రైవరైతే నోమోడ్‌సెట్ (గ్రాఫిక్స్ డ్రైవర్‌ని పక్కన పెట్టే బూట్ ఆప్షన్) పెట్టి బూట్ చేసి చూడాలి. ఈ తమ్ముడి ఫొటోల్లో మూడుసార్లూ మూడు రకాలు. ఇలా చోటు మారుతుంటే చాలావరకు హార్డ్‌వేరే. హార్డ్‌వేర్ అంటే మాత్రం స్టిక్కు ఒక్కటే కాదు: స్లాటు, ప్రాసెసర్‌లోని మెమరీ కంట్రోలర్, బయాస్ సెట్టింగు, ఎస్‌ఎంపీఎస్ (పవర్ సప్లై), పెన్‌డ్రైవ్ కూడా.

లైవ్‌లో బాగా నడిచి ఇన్‌స్టాల్‌లో ఎందుకు పడుతుందంటే, లైవ్ స్క్రీన్‌కి ర్యామ్‌లో కొంత భాగమే చాలు. కాపీ మొదలయ్యాక లినక్స్ ఖాళీగా ఉన్న ర్యామ్‌నంతా పేజ్ క్యాష్‌గా (డిస్క్ డేటా కాపీలు ఉంచుకునే చోటుగా) వాడేసుకుంటుంది, పైగా కంప్రెస్ చేసిన ఇమేజ్‌ని విప్పుతూ అన్ని కోర్లనీ పనిలో పెడుతుంది. అప్పటిదాకా ఎవరూ తాకని మూలల్లో కూడా డేటా పడుతుంది. ఒక్క బిట్టు తిరగబడితే ఇమేజ్ విప్పడం అక్కడే ఆగిపోవచ్చు.

అందుకే తమ్ముడూ, ఈ వరసలో చెయ్. ఐఎస్‌ఓ (డౌన్‌లోడ్ చేసిన ఇమేజ్ ఫైలు) షా256ని, అంటే ఫైలు మారిందో లేదో చెప్పే కోడ్‌ని, ఉబుంటు సైట్‌లో ఉన్నదానితో పోల్చు. పెన్‌డ్రైవ్ నుంచి బూట్ అయ్యేటప్పుడు ఫైళ్ల తనిఖీ నడుస్తుంది, దాన్ని ఆపకు. ప్రతిసారీ అదే ఫైలు తప్పు వస్తే డౌన్‌లోడో పెన్‌డ్రైవో, సారికో ఫైలు తప్పు వస్తే ర్యామ్ వైపు చూడాలి. తర్వాత బయాస్‌లో ఎక్స్‌ఎంపీ (ర్యామ్‌ని మామూలు కంటే ఎక్కువ స్పీడులో నడిపే సెట్టింగు) ఆన్‌లో ఉందేమో చూడు. పాత ఓనరు 3200 స్పీడు పెట్టి వదిలేసి ఉండొచ్చు. 9వ తరం ఐ5కి ఇంటెల్ చెప్పిన హద్దు డీడీఆర్4 2666 మాత్రమే. అది ఆఫ్ చేసి, రాత్రంతా మెమ్‌టెస్ట్ కనీసం నాలుగు పాసులు నడవనివ్వు. ఒకసారికి ఒక్కటే మార్చు, రెండు కలిపి మారిస్తే ఏది పని చేసిందో ఎప్పటికీ తెలియదు.

గవర్నర్‌పేట సర్వీస్:
ఇవన్నీ ఇంట్లో కూర్చుని చేసే వాళ్లకి బాగుంటాయి సార్. నా కౌంటర్ మీద ఒక్కో మిషన్‌కి రాత్రంతా ఇస్తే రోజుకి ఎన్ని తిరిగిస్తాను? కస్టమరు సాయంత్రానికల్లా కావాలంటాడు. స్టిక్కు మార్చి చూస్తే పది నిమిషాల్లో తేలిపోతుంది.

పటమట లినక్స్:
మీ దగ్గరున్న మంచి స్టిక్కు పెట్టి చూడటం పరీక్షే, దానికి నేను ఎదురు చెప్పను. చూడకుండా రెండూ కొనిపించడం వేరు. ఇంకోటి, పది నిమిషాల్లో ఇన్‌స్టాల్ ముందుకెళ్లిందని వదిలేయకూడదు. ఎర్రర్ అరుదుగా వచ్చేదైతే ఇన్‌స్టాల్ పూర్తవుతుంది, చెడిన బైటు చప్పుడు లేకుండా డిస్క్‌లోకి వెళ్లిపోతుంది, నెల తర్వాత ప్రాజెక్ట్ ఫైలు తెరుచుకోదు. నాకు ఆ నష్టం జరిగింది, అందుకే ఇంత గట్టిగా చెబుతున్నా.

మంగళగిరి నుంచి:
ఒక చిన్న మాట. టెస్ట్ రాత్రి చల్లగా ఉన్నప్పుడే వేసి వదలొద్దు. వేడెక్కేకొద్దీ ర్యామ్ సెల్‌లో చార్జి త్వరగా కారిపోతుంది. మామూలుగా 64 మిల్లీసెకన్లలో ఒకసారి అన్ని సెల్స్‌నీ రిఫ్రెష్ చేస్తారు (చార్జి మళ్లీ నింపుతారు), 85 డిగ్రీలు దాటితే దాన్ని 32కి తగ్గించాలి. మే నెల మధ్యాహ్నం మన గదుల్లో, క్యాబినెట్‌లో ఫ్యాన్ సరిగ్గా తిరగకపోతే, రాత్రి పాసైన స్టిక్కే ఫెయిల్ కావచ్చు.

బ్రాడీపేట 4వ లైన్:
అన్నయ్యలూ, మూడు రోజులు పట్టింది. షా256 సరిపోయింది. ఫైళ్ల తనిఖీలో మొదట ఒక ఫైలు, రెండోసారి ఇంకోటి తప్పు వచ్చాయి. ఎక్స్‌ఎంపీ 3200లోనే ఉంది. ఆఫ్ చేసి రాత్రి నాలుగు పాసులు, మర్నాడు మధ్యాహ్నం రెండు పాసులు వేశాను, ఎర్రర్ లేదు. ఇన్‌స్టాల్ పూర్తయింది. ఒకే పెద్ద ఫైలుకి పదిసార్లు షా256 తీస్తే పదీ ఒకటే.

గవర్నర్‌పేట సర్వీస్:
సంతోషం. కానీ స్టిక్కు మీద 3200 అని రాసి ఉండి 3200లో పడిపోతే అది చెడిపోయినట్టే కదా? నేను చెప్పింది అదే.

బ్రాడీపేట 4వ లైన్:
అదీ చూశానండి. ఎక్స్‌ఎంపీ మళ్లీ ఆన్ చేసి స్టిక్కులు ఒక్కొక్కటే ఒకే స్లాటులో పెట్టి నాలుగేసి పాసులు వేశాను, రెండూ పాసయ్యాయి. రెండూ కలిపి పెడితే మూడో పాస్‌లో ఎర్రర్లు మొదలయ్యాయి.

గవర్నర్‌పేట సర్వీస్:
అయితే స్టిక్కుల తప్పు కాదు, రెండింటికీ జత కుదరలేదు. ఒప్పుకుంటున్నా. ఎక్స్‌ఎంపీ ఆఫ్‌లోనే ఉంచు తమ్ముడూ, ఏమీ కొనొద్దు.