అప్‌డేట్: అమ్మతో అలాస్కా రైలు, రాఫ్టింగ్

62 ఏళ్ల అమ్మను అలాస్కాలో స్పెన్సర్ గ్లేసియర్ (హిమానీనదం) దగ్గర రాఫ్టింగ్‌కు తీసుకెళ్లొచ్చా అని అడిగాను కదా, వెళ్లొచ్చాం. అనవసరంగా టెన్షన్ పడ్డాను. తెడ్లు గైడే వేశాడు. మంచుగడ్డలు తేలే సరస్సు దాటాక ప్లేసర్ నదిలో పడవ మెల్లగా జారుకుంటూ పోయింది. నీళ్లు అచ్చం బియ్యం కడుగులా ఉన్నాయి. గ్లేసియర్ నూరిన రాతిపిండి కలవడం వల్ల ఆ రంగు. అమ్మ ఒక వేలు ముంచి, "అమ్మో!" అని చెయ్యి చంకలో దాచేసుకుంది.

యాంకరేజ్‌లో రైలెక్కేటప్పుడు కుడివైపు సీటు చూసుకోండి, టర్నగెయిన్ ఆర్మ్ అనే సముద్రపు పాయ నీళ్లు అటే కనిపిస్తాయి. పోర్టేజ్ దగ్గర వన్యప్రాణి కేంద్రంలో వుడ్ బైసన్‌లు (ఒక రకం అడవిదున్నలు), ఎలుగుబంట్లు చూశాం. శాకాహారులైతే పులిహోర కట్టుకెళ్లండి. మేము చిప్స్‌తో సరిపెట్టుకున్నాం.