చావు మీద హుషారు పాట తెలుగులో కుదరదా?

ప్రొద్దుటూరు తమ్ముడు అడిగినదానికి కామెంటులో చోటు చాలక విడిగా రాస్తున్నా. అమెరికా గాయకుడు నార్మన్ గ్రీన్‌బామ్ 1969 నాటి ‘స్పిరిట్ ఇన్ ద స్కై’ లాంటి పాట వాళ్ల కాలేజీ బ్యాండు తెలుగులో కట్టాలనుకుంటోందట. గరగరలాడే గిటారు, చప్పట్లు, వింటుంటే కాలు ఊరుకోదు. మాటలేమో, నేను చచ్చాక ఎక్కడికి పోతాను అని. తెలుగులో రాయబోతే ప్రతిసారీ ఏడుపు పాటే వస్తోందట.

రాకేం చేస్తుంది? నువ్వు పెట్టిన పల్లవిలో మరణం, మృత్యువు, అంతిమ, శాశ్వతం. అన్నీ శ్రద్ధాంజలి ఫ్లెక్సీ మీది మాటలే. మన పల్లెల్లో పండు ముసలివాళ్లు పోతే తప్పెట కొడతారు, చిందేస్తారు. చావుకి దరువు మనకు కొత్త కాదు.

రాజంపేట పక్కనే తాళ్లపాక. అన్నమయ్య ‘నానాటి బదుకు’ తీసి, రాగం పక్కనపెట్టి ఉత్త మాటలు బయటికి చదువు:

పుట్టుటయు నిజము పోవుటయు నిజము
నట్టనడిమీ పని నాటకము
యెట్టనెదుట గలదీ ప్రపంచము
కట్టగడపటిది కైవల్యము

పుట్టు, నట్ట, యెట్ట, కట్ట. ప్రతి పాదంలో రెండో అక్షరం ‘ట్ట’. ప్రాస నియమమే, కానీ వేళ్లతో బల్ల మీద కొడుతూ చదివితే డ్రమ్ము దెబ్బ అక్కడే పడుతుంది. ఇప్పుడు ఎక్కువమంది రేవతి రాగంలో నిదానంగా పాడుతున్నారు కాబట్టి మనకు దిగులుగా వినిపిస్తుంది. చివరి చరణంలో ‘నగి నగి కాలము నాటకము’ అన్నాడాయన. నవ్వుతూ చెప్పిన మాటకు అంత మంద్రం ఎందుకో! ముగింపు చూడు: ‘గగనము మీదిది కైవల్యము’. గ్రీన్‌బామ్ పాట చివరికి చూసేదీ ఆకాశం వైపే.

ఇంకోటి. అన్నమయ్య కైవల్యం లాంటి పెద్ద మాట వాడాడు కానీ, చావును మాత్రం ‘పోవుట’ అని తేల్చేశాడు. మనం రోజూ యాడికి పోతాండావని అడిగే ‘పోవు’ అదే. గడప దాటేటప్పుడు ‘పోతా’ అంటే అవ్వ ఊరుకోదు, ‘పోయొస్తా అనాల’ అని దిద్దుతుంది. చావు వాసన తగలకుండా అవ్వ అతికించిన ఆ ‘వస్తా’నే నీ పాటకు పల్లవి చేసుకో.

*

కర్నూలు నుంచి ఒక మాట: ‘పోయొస్తా’ బాగుందన్నా, నోట్లో తిరుగుతుంది. కానీ కైవల్యం కావాలన్నవాడు మళ్లీ వస్తా అనడే! పుట్టుక వద్దనేదే గదా అందులో సంగతి.

నా జవాబు: నిజమే సార్. అయితే మొదటి రెండు చరణాల తర్వాత ‘పోయొస్తా’, చివరిసారి గిటారు ఆపేసి ఒట్టి ‘పోతా’. గుంపంతా అలవాటుగా ‘పోయొస్తా’ అనబోయి అక్కడ తడబడాల.

ప్రొద్దుటూరు తమ్ముడు: అన్నా, ఇది మాకు నచ్చింది. ఇంట్లో ప్రాక్టీసు చేస్తే మాత్రం మా అవ్వ తంతుంది.

నా జవాబు: ‘పోతా’ దగ్గర తంతే ఇంకా మేలు, డ్రమ్ము ఖర్చు మిగులుతుంది. ముందు చరణాలు రాసి పెట్టు, ప్రాస ఇక్కడే చూద్దాం.