బెంగళూరులో తెలుగులో మాట్లాడే కౌన్సిలర్ దొరుకుతారా? నాన్న కోవిడ్‌తో పోయినప్పట్నుంచి అమ్మ మామూలు మనిషి కాలేదు

ప్రొద్దుటూరు_అమ్మాయి:
అందరికీ నమస్తే. మేం మారతహళ్ళిలో ఉంటాం, ఊరు ప్రొద్దుటూరు. 2021 మేలో, సెకండ్ వేవ్ పీక్‌లో ఉన్నప్పుడు నాన్న పోయారు. ఐసీయూలోకి తీసుకెళ్ళాక అమ్మ మళ్ళీ ఆయన మొహం చూడలేదు, తనకీ పాజిటివే కాబట్టి ఇంట్లో ఒక గదిలో ఉంది, బాడీని ప్యాక్ చేసి అంబులెన్స్‌లో అట్నుంచటే శ్మశానానికి పంపించేశారు, పీపీఈ కిట్ వేసుకుని తమ్ముడొక్కడే వెళ్ళాడు. పెద్దకర్మ కూడా ఏదో అయిందనిపించాం, చుట్టాలెవరూ రాలేదు. తర్వాత అమ్మని నా దగ్గరికి తెచ్చేసుకున్నా.

అమ్మ ఏడవదు. అప్పుడూ ఏడవలేదు, ఇప్పటికీ లేదు. కానీ ఒంట్లో ఎప్పుడూ ఏదో ఒకటి, గుండె దడ అంటుంది, అరికాళ్ళు మంటలంటుంది, గ్యాస్ పైకి తన్నుతోందంటుంది. ఈసీజీ, ఎకో, థైరాయిడ్, ఎండోస్కోపీ అన్నీ అయ్యాయి, అన్నీ నార్మల్. పాల ప్యాకెట్లు ఇంకా సబ్బుతో కడుగుతుంది, లిఫ్టులో ఎవరైనా దగ్గితే దిగి వెనక్కి వచ్చేస్తుంది. మా వీధి డాక్టర్ నిద్రకి అల్ప్రజోలమ్ రాశాడు, అదే నడుస్తోంది చాలాకాలంగా. ఇక్కడి మానసిక వైద్య ఆసుపత్రి నిమ్హాన్స్ మాటెత్తితే "అంటే ఎర్రగడ్డ లాంటిదేగా, నాకు పిచ్చనుకుంటున్నావా" అని అన్నం మానేసి కూర్చుంది.

అమ్మకి కన్నడ రాదు, హిందీ అంతంతమాత్రం, నేను పక్కన కూర్చుని ట్రాన్స్‌లేట్ చేస్తే ఇక నా ముందు మనసులో మాట ఏం చెప్తుంది చెప్పండి. తెలుగువాళ్ళెవరైనా ఉన్నారా? అసలు ఇది డిప్రెషనా, లేక వయసు మీద పడటమా?

సిల్క్‌బోర్డ్_బాధితుడు:
నిమ్హాన్స్ అంటే పిచ్చాసుపత్రి ఒక్కటే కాదండీ, న్యూరాలజీ, న్యూరోసర్జరీ కూడా అక్కడే, ఓపీలో చూస్తే ఫిట్స్‌కి, పక్షవాతానికి, తలనొప్పికి వచ్చినవాళ్ళే బోలెడుమంది, అనంతపురం చిత్తూరు వైపు నుంచి వచ్చే జనం ఎంతమందో, కాబట్టి తెలుగు అక్కడ కొత్తేం కాదు. పొద్దున్నే వెళ్ళండి, ఆధార్, పాత రిపోర్టులు, వాడుతున్న మాత్రల స్ట్రిప్పులు పట్టుకెళ్ళండి, మొదటిరోజు మొత్తం పోతుంది, ఆఫీసుకి లీవ్ పెట్టేయండి. ఆ హడావుడి అమ్మగారు తట్టుకోలేరనుకుంటే బీటీఎం లేఅవుట్‌లో వాళ్ళదే సెంటర్ ఫర్ వెల్‌బీయింగ్ ఉంది, ఆసుపత్రిలా ఉండదు. ఒక చిట్కా, నరాల డాక్టర్ దగ్గరికి అని చెప్పి తీసుకెళ్ళండి, మా మామగారిని అలాగే తీసుకెళ్ళాం.

గోదారి_పిల్ల:
పై చిట్కా మాత్రం వద్దండీ ప్లీజ్. నేను సైకియాట్రిక్ సోషల్ వర్క్‌లో ఉన్నా. లోపలికెళ్ళాక డాక్టరు నాన్నగారి గురించి అడగగానే ఆవిడకి అర్థమైపోతుంది, ఇంక మీ మాట నమ్మరు, రెండోసారి రారు. "నీకు నిద్ర పట్టట్లేదు, దడ తగ్గట్లేదు, అన్ని టెస్టులూ బానే ఉన్నాయి, దానికి చూసే డాక్టర్లు వేరే ఉన్నారు" అనండి, అందులో అబద్ధమేం లేదు కదా.

డిప్రెషనో కాదో ఇక్కడ కూర్చుని నేను చెప్పకూడదు. కానీ వయసు అని మాత్రం వదిలేయకండి. మనవైపు పెద్దవాళ్ళు బాధగా ఉంది అని నోరు తెరిచి చెప్పరు, గుండెల్లో బరువు, ఒళ్ళంతా మంటలు, నీరసం అంటారు, నటన కాదది, నిజంగానే ఒంట్లో అలా ఉంటుంది. దానికితోడు మీ అమ్మగారికి జరగాల్సినవేవీ జరగలేదు, చూడలేదు, పదిమంది వచ్చి పట్టుకుని ఏడవలేదు. ఆరు నెలలు దాటినా దుఃఖం అలాగే గట్టిగా ఉండి రోజువారీ పనులు కూడా సాగకపోతే దానికి ఇప్పుడు విడిగా ఒక జబ్బు పేరే ఉంది, ప్రొలాంగ్డ్ గ్రీఫ్ డిజార్డర్ అని, డబ్ల్యూహెచ్‌ఓ జబ్బుల లిస్టులో కూడా చేరింది, దానికి పనికొచ్చే కౌన్సెలింగ్ పద్ధతులు కూడా వేరే. మీ ఇంట్లోనే ఇలా అనుకోకండి, కోవిడ్ మొదటి ఏడాదిలోనే ప్రపంచం మొత్తమ్మీద యాంగ్జైటీ, డిప్రెషన్ 25 శాతం పెరిగాయని అదే డబ్ల్యూహెచ్‌ఓ 2022 మార్చిలో చెప్పింది.

ఆ అల్ప్రజోలమ్ సంగతి తప్పకుండా డాక్టర్‌తో చెప్పండి. ఎక్కువకాలం వాడితే అలవాటు పడిపోయే మందు, అలాగని మీరే ఒక్కసారిగా ఆపేయొద్దు, అది ఇంకా ప్రమాదం, డాక్టరే మెల్లిగా తగ్గిస్తారు.

ఇంకోటి. "నేనెందుకు బతికున్నానో" లాంటి మాటలేమైనా అంటున్నారా? అంటుంటే చచ్చిపోవాలనిపిస్తోందా అని సూటిగానే అడగండి. అడిగితే లేని ఆలోచన పుట్టిస్తామని అందరూ భయపడతారు, అలా ఏం జరగదు.

తెలుగు కావాలంటే అన్నిటికన్నా సులువు టెలి మానస్, గవర్నమెంట్ వాళ్ళ మానసిక ఆరోగ్య హెల్ప్‌లైన్, నంబర్ 14416. 2022 అక్టోబర్‌లో మొదలైంది, ఇరవైనాలుగు గంటలూ ఉంటుంది, డబ్బులక్కర్లేదు, ఫోన్ కలవగానే భాష అడుగుతుంది, తెలుగు ఎంచుకోవచ్చు.

నోరుమూసుకోను:
కోవిడ్ పోయి ఇన్నేళ్ళయింది, ఇంకా దాన్ని పట్టుకుని వేలాడటమేంటండీ. గుడికి తీసుకెళ్ళండి, మనవళ్ళని చూసుకోమనండి, అదే సర్దుకుంటుంది.

హిందూపురం_సీనుగాడు:
అన్నా, సర్దుకునేదైతే ఆయమ్మ ఎండోస్కోపీ దాకా పోదు కదా.

అక్కా, మాది హిందూపురం, ఉండేది యలహంక. మా నాయన కూడా ఆ మేలోనే పోయినాడు, ఈడ బెంగళూరులోనే, శ్మశానం దగ్గర అంబులెన్సులు లైను కట్టినాయి, టోకెన్ తీసుకుని నిలబడినాము. అస్థికలు తెచ్చుకునే ఓపిక కూడా లేదు ఎవురికీ. ఆ జూన్‌లో ఎవురూ తీసుకుపోని అస్థికలు వందలమందివి మండ్య జిల్లా బెళకవాడి కాడ గవర్నమెంటోళ్ళే కావేరిలో కలిపినారు చూడు, అప్పటి కర్ణాటక మంత్రి అశోక కూర్చుని చేసినాడు, టీవీలో అది చూసి మాయమ్మ అట్లనే బిగుసుకుపోయింది. మావి మేం తెచ్చుకున్న్యాము లేక్కా, కానీ మాయమ్మకి అనుమానం, ఆ గందరగోళంలో ఇచ్చినవి నాయనవో కాదో అని.

మాయమ్మ రెండేండ్లు మాత్రలు వాడింది, మొదట్లో ఏం తేడా లేదు, మూడు నాలుగు వారాలు ఆగండి అన్న్యాడు డాక్టరు, ఆగినాము, నిద్ర మొదలు కుదిరింది. మాటలు మాత్రం తద్దినం నాడు వచ్చినాయి. ఆ యేడు చుట్టాలందర్నీ పిలిచి పెద్దగా చేసినాము, మా మేనత్త మాయమ్మని పట్టుకుని శోకాలు పెట్టింది, ఇంక చూడు, ఇద్దరూ సాయంత్రం దాకా. పూజతోనే నయమైందని చెప్పడంల్యా, మాత్రలు లేకుంటే ఆ రోజుకి లేచి కూర్చునేది కూడా కాదు.

ప్రొద్దుటూరు_అమ్మాయి:
అందరికీ థాంక్స్. గోదారి_పిల్ల గారూ, నిన్న రాత్రి అడిగాను. చావాలని లేదంట, కానీ "మీ నాన్న అడుగుతాడు, ఒక్కసారైనా వచ్చి చూడలేదేం అని" అంది. ఇన్నేళ్ళలో నాన్న మాటెత్తడం ఇదే మొదలు. 14416కి నేనే ముందు చేసి చూశా, తెలుగమ్మాయే మాట్లాడింది, అమ్మకి ఫోనిచ్చి నేను బాల్కనీలోకి వెళ్ళిపోయా, ఏం మాట్లాడుకున్నారో తెలీదు, చాలాసేపే మాట్లాడింది. వచ్చేవారం నిమ్హాన్స్‌కి వస్తానంది, అయితే పక్కింటావిడకి చెప్పకూడదంట.

సీను, మీ అమ్మగారి నంబర్ మెసేజ్‌లో పెడతావా, అడిగి పెట్టు. మా అమ్మతో ఒకసారి మాట్లాడిస్తా.

హిందూపురం_సీనుగాడు:
అడిగేదేముందక్కా, మాయమ్మకి ఫోన్ ఉంటే చాలు. పంపినా చూడు. సాయంత్రం ఆరు తర్వాత చేయమను, అంతకు ముందు సీరియల్.