అమ్మ గొంతుతో పిలిచే దయ్యం కథ: ముగింపు కుదరడం లేదు

పెన్నఒడ్డు:
మా అవ్వగారిది జమ్మలమడుగు దగ్గర పల్లె. 1990ల్లో తలుపుల మీద "ఓ స్త్రీ రేపు రా" అని రాసిన సంగతి మీలో చాలామందికి గుర్తుండే ఉంటుంది. రాత్రిపూట దయ్యం తెలిసినవాళ్ల గొంతుతో పిలుస్తుంది, పలికితే ప్రాణం పోతుంది, రాత చూస్తే వెనక్కి పోతుంది అనేవాళ్లు. ఆ ఏడే పుట్టింటికి కాన్పుకొచ్చిన మా అమ్మ పోయింది. నాకప్పుడు 6 ఏళ్లు. పోయిందని నాకెవరూ చెప్పలేదు. ఆస్పత్రిలో ఉంది, వస్తుందిలే అన్నారు.

అవ్వ తలుపు మీద బొగ్గుతో రాయించి, "మీయమ్మ గొంతుతో పిలిచినా పలకొద్దు పాపా" అని మరీమరీ చెప్పింది. మిద్దె గవాచి (వెలుతురు కోసం పైకప్పులో ఉంచే కంత) వైపు చూస్తూ పడుకునేదాన్ని. దయ్యమొస్తుందని భయం. నిజంగా అమ్మే వచ్చి ఆ రాత చదివి పోతుందేమోనని అంతకంటే భయం. అమ్మకు చదువొచ్చు, అయిదో తరగతి దాకా. ఒక రాత్రి లేచి తడిచేత్తో "రేపు" తుడిచేశాను.

ఇప్పుడు నా కూతురిది అదే వయసు. దానికోసం దీన్ని కథగా రాస్తున్నా. తుడిచేదాకా వచ్చి ఆగింది. ఆ తర్వాత తలుపు కొట్టేదెవరు? దయ్యమంటే నా మనసొప్పదు. అమ్మంటే అబద్ధమవుతుంది, నేను ఏళ్లతరబడి ఎదురుచూసిన అబద్ధం.

మడకశిర మాస్టారు:
అక్కా, మా పక్క కన్నడంలో "నాళె బా" అని రాసేవాళ్లు. నేను చిన్నపిల్లలకే చదువు చెప్తా. పోయినవాళ్లు తిరిగిరారన్నది ఆ వయసులో చాలామందికి పూర్తిగా అందదు. "నిద్రపోయింది" అని చెప్తే కొందరు పడుకోడానికే జడుస్తారు. మీ కథలో భయం ఉండనీండి, అమ్మను ఆనుకుని వినే భయం పిల్లలకు ఇష్టమే. కానీ ఎవరో ఒకరు ఆ పాపతో "మీయమ్మ చచ్చిపోయింది" అని ఆ మాటతోనే చెప్పాలి.

నంద్యాల పెద్దమ్మ:
తల్లీ, తలుపు ఎవరితోనూ కొట్టించొద్దు. మీ అవ్వను లేపు. ఆమె బిడ్డ కదా పోయింది! ఇంకోటి చూడు. తలుపు మీద రేపు రమ్మని రాసిన ఇంట్లోనే, పెద్దల అమావాస్యకు పోయినవాళ్లకు ఇష్టమైనవి వండి, మిద్దె మీద కాకులకు ముద్దపెట్టి, వచ్చి తినమని పిలుస్తారు. ఆ పాపను మిద్దె ఎక్కించు.

పెన్నఒడ్డు:
పెద్దమ్మా, అవ్వను లేపమన్నకాడ నాకు ఏడుపొచ్చింది. తెల్లారి ఆ తలుపు ఆమె చూసింది. ఎవరు తుడిచారని అడగలేదు. మళ్లీ రాయించనూ లేదు. ఊరంతా వణుకుతుంటే మా తలుపు మీద "ఓ స్త్రీ రా" అనే ఉండిపోయింది. ఆమె కూడా అట్లనే ఉంచుకుందని నాకు ఇన్నేళ్లూ తట్టలేదు.

మాస్టారూ, మీరన్న మాట అవ్వతోనే చెప్పిస్తా, మిద్దె మీద, అలసంద వడలు పెట్టేటప్పుడు. అమ్మకు అవంటే ప్రాణం. ఆదివారానికి రాసినంతవరకు ఇక్కడ పెడతా, చదివి చెప్పండి.