నరైన్ కార్తికేయన్‌ది నిజంగా 5 పాయింట్ల కెరీరేనా?

పిట్‌లేన్_తెనాలి:
నేను ఎఫ్1 (ఫార్ములా వన్ కార్ల రేసులు) చూడటం మొదలుపెట్టింది ఈమధ్యే. మొన్న రూమ్‌లో నరైన్ కార్తికేయన్ గురించి పెద్ద వాదన జరిగింది. ఎఫ్1లో రేసు చేసిన మొదటి భారతీయుడు కదా అని నేనన్నాను. మా రూమ్మేట్ మాత్రం "మొత్తం కలిపి 5 పాయింట్లు. అవీ ఆరు కార్లే తిరిగిన రేసులో. టాటా డబ్బు లేకపోతే సీటే లేదు" అని తీసిపారేశాడు. నాకేం చెప్పాలో తోచలేదు. అప్పట్లో ఆ రేసులు చూసినవాళ్లు ఎవరైనా చెప్తారా?

స్లిప్‌స్ట్రీమ్:
మీ రూమ్మేట్ చెప్పిన అంకెలు కరెక్టే. 2005 జూన్ 19, ఇండియానాపొలిస్. 13వ మలుపులో బ్యాంకింగ్ (వాలుగా కట్టిన రోడ్డు) మీద మిషెలిన్ టైర్లు ఆగవని తేలడంతో ఆ టైర్లు వాడే 14 కార్లు ఫార్మేషన్ ల్యాప్ (రేసుకు ముందు వేసే చుట్టు) కాగానే పిట్స్‌లోకి వెళ్లిపోయాయి. మిగిలింది ఫెరారీ, జోర్డాన్, మినార్డీ టీమ్‌ల ఆరు కార్లు. నరైన్ జోర్డాన్ డ్రైవర్. నరైన్‌కి నాలుగో స్థానం, 5 పాయింట్లు. అదే జోర్డాన్‌లో ఉన్న టియాగో మోంటేరో మూడో స్థానంలో వచ్చాడు, తర్వాత బెల్జియంలో అందరూ ఉన్న రేసులో కూడా ఒక పాయింట్ తెచ్చాడు. పైగా ఆ ఏడాది 19 రేసుల్లో 18 పూర్తిచేశాడు. పోల్చాలంటే టీమ్‌మేట్‌తోనే పోల్చాలి. అక్కడ నరైన్ వెనకబడ్డాడు.

నీలంజెండా_కోవై:
తమ్ముడూ, నేను కోయంబత్తూరులో స్థిరపడ్డ తెలుగువాణ్ని. పంపుసెట్ల వర్క్‌షాప్‌లో పని. రేసులున్న వారాల్లో చెట్టిపాళెయం దగ్గరి కరి మోటార్ స్పీడ్‌వేలో మార్షల్‌గా నిలబడతాను. నరైన్ మా ఊరివాడు కాబట్టి అభిమానం ఉంది, దాచను. కానీ అభిమానం పక్కన పెట్టి చూసినా మీ రూమ్మేట్ లెక్క తప్పు. ఆయన కెరీర్‌ని ఎఫ్1 పాయింట్ల పట్టికలోనే చూస్తున్నాడు.

ఎక్కడ మొదలైందో చూడండి. తండ్రి ర్యాలీ డ్రైవర్. కొడుకు మొదటి రేసు శ్రీపెరంబుదూరు దగ్గరి మద్రాసు ట్రాక్‌లో, ఫార్ములా మారుతి కారులో. మారుతి ఇంజన్ పెట్టి ఆ కారు తయారుచేసింది మా కోయంబత్తూరు కరివర్ధన్ గారే. మా ట్రాక్‌కి ఉన్న పేరు ఆయనదే. అంతకు మించి ఎదగాలంటే అప్పుడు మన దేశంలో దారి లేదు. 1992లో ఫ్రాన్స్‌లోని విన్‌ఫీల్డ్ రేసింగ్ స్కూల్, తర్వాత ఇంగ్లండ్. 1994లో బ్రిటిష్ ఫార్ములా ఫోర్డ్ వింటర్ సిరీస్ గెలిచాడు, 1996లో ఫార్ములా ఆసియా ఛాంపియన్ అయ్యాడు.

అసలు విషయం 2000లో ఉంది. ఆ ఏడాది ఎఫ్1కి కింది మెట్టులో ఉండే బ్రిటిష్ ఎఫ్3లో పిజోనియా, షెక్టర్, సాటో, నాలుగో స్థానంలో నరైన్. మకావ్ ఎఫ్3 రేసులో పోల్ (అందరికంటే ముందు నుంచి మొదలుపెట్టే స్థానం) కూడా నరైన్‌దే. ఒక్క స్థానం ముందున్న టకుమా సాటో, హోండా అండతో 2002కల్లా జోర్డాన్‌లో ఎఫ్1 నడిపాడు. నరైన్ 2001లోనే జాగ్వార్ టీమ్ ఎఫ్1 కారు టెస్ట్ చేశాడు, అయినా రేసు సీటు కోసం 2005 దాకా ఆగాల్సి వచ్చింది. మధ్యలో మినార్డీ నుంచి పిలుపు వస్తే డబ్బు సర్దుబాటు కాక పోయింది. సాటో వెనక హోండా ఉంటే తప్పులేదు గానీ నరైన్ వెనక టాటా ఉంటే తప్పా?

స్లిప్‌స్ట్రీమ్ గారూ, మోంటేరో నిలకడ గురించి మీరన్నది నిజమే, ఒప్పుకుంటాను. కాకపోతే మెల్‌బోర్న్‌లో మొదటి రేసుకే ఆ జోర్డాన్‌ని క్వాలిఫయింగ్‌లో (రేసు మొదలయ్యే వరుస తేల్చే పోటీలో) 12వ స్థానంలో పెట్టినవాడు వేగం లేనివాడు కాదు.

ఇక 2011, 2012ల్లో వెనకబడ్డ టీమ్ హెచ్ఆర్‌టీకి నడిపిన రోజులు. మార్షల్‌గా ఇది చెప్పకుండా ఉండలేను. వెనక నుంచి వేగమైన కారు వస్తుంటే మేం నీలం జెండా ఊపుతాం. పక్కకు తప్పుకోకపోతే శిక్ష. తప్పుకుంటే? రేసింగ్ లైన్ బయట టైర్ల నుంచి రాలిన రబ్బరు ముక్కలు పరుచుకుని ఉంటాయి. అవి టైర్లకి అంటుకుంటాయి, పట్టు పోతుంది, ఆ తర్వాతి మలుపుల్లో కారు జారుతుంది. ఈలోపు ఇంకో నీలం జెండా. రేసంతా అద్దాల్లో చూసుకుంటూ నడపాలి. 2012 మలేషియాలో నరైన్ కారు తగిలి ఛాంపియన్ డ్రైవర్ వెటెల్ టైరు పంక్చరైన సంగతి అందరికీ గుర్తుంది, వెటెల్ తిట్టిన తిట్టూ గుర్తుంది. నరైన్‌కి 20 సెకన్ల పెనాల్టీ పడింది. కానీ అదే రోజు వర్షంలో పూర్తి వెట్ టైర్లతో మొదలుపెట్టి, రేసు ఆపేసే సమయానికి ఆ హెచ్ఆర్‌టీని 10వ స్థానంలో ఉంచాడు. అంతకుముందు మెల్‌బోర్న్‌లో క్వాలిఫై కూడా కాలేకపోయిన కారు అది! ఈ సంగతి ఎవరూ ఎత్తరు.

2011లో సగం సీజన్‌లో ఆయన సీటు కుర్ర డ్రైవర్ రిచియార్డోకి ఇచ్చారు. అక్టోబర్ 30న బుద్ధ్ సర్క్యూట్‌లో మన గ్రాండ్ ప్రి కోసం మళ్లీ పిలిచారు. ఒకే రకం కార్లలో నరైన్ 17వ స్థానం, రిచియార్డో 18వ స్థానం. ఆ రిచియార్డో తర్వాత ఎనిమిది గ్రాండ్ ప్రిలు గెలిచాడు.

పిట్‌లేన్_తెనాలి:
అన్నా, ఇవేవీ నాకు తెలియవు. 2012 తర్వాత ఏం చేశాడు? రిటైర్ అయిపోయాడనుకున్నాను.

నీలంజెండా_కోవై:
చాలామంది అలాగే అనుకుంటారు. 2014 నుంచి 2018 వరకు జపాన్ టాప్ సింగిల్ సీటర్ సిరీస్ సూపర్ ఫార్ములా నడిపాడు. మలుపుల్లో ఆ కార్ల వేగం మామూలుది కాదు, అక్కడి డ్రైవర్లకి ప్రతి ట్రాక్ కొట్టినపిండి. ఆ వయసులో భాష రాని దేశంలో ఏటా సీటు నిలబెట్టుకోవడం నా దృష్టిలో ఎఫ్1 సీటు కంటే తక్కువేం కాదు. 2019లో సూపర్ జీటీకి (పైకప్పున్న కార్ల రేసులకి) మారాడు, నకజిమా రేసింగ్ టీమ్ హోండా కారులో. ఆ నవంబర్‌లో ఫుజీలో జర్మన్ డీటీఎం కార్లు, జపాన్ సూపర్ జీటీ కార్లు కలిసి పోటీపడ్డాయి. రెండో రేసు నరైన్ గెలిచాడు. అప్పటికి వయసు 42. మన పేపర్లలో మూలన చిన్న వార్త వేస్తే గొప్ప.

ట్యాంక్‌బండ్:
2023 ఫిబ్రవరి 11న హుస్సేన్‌సాగర్ పక్కన ఫార్ములా ఈ (ఎలక్ట్రిక్ కార్ల) రేసు చూశాను. వెర్న్ గెలిచాడు. మహీంద్రా టీమ్ ఉంది గానీ గ్రిడ్ మీద మన డ్రైవర్ ఒక్కడూ లేడు. నరైన్ తర్వాత ఎఫ్1లోకి కరుణ్ చందోక్ వచ్చాడు, ఆ తర్వాత ఎవరూ లేరు. ఎందుకని?

నీలంజెండా_కోవై:
ముఖ్యంగా డబ్బు. ఏడెనిమిదేళ్లకే కార్టింగ్, పదిహేను దాటకముందే యూరప్, ఎఫ్1కి కింది మెట్టైన ఎఫ్2కి వచ్చేసరికి ఒక్క సీజన్‌కే కోట్లు. దానికి తోడు ఇప్పుడు ఎఫ్1 నడపడానికి కావాల్సిన సూపర్ లైసెన్స్‌కి 40 పాయింట్లు కూడబెట్టాలి. నరైన్ రోజుల్లో ఆ పాయింట్ల లెక్క లేదు. జెహాన్ దారువాలా ఎఫ్2లో రేసులు గెలిచి కూడా ఫార్ములా ఈ వైపు వెళ్లాల్సి వచ్చింది. బెంగళూరు కుర్రాడు కుష్ మైనీ 2025లో మొనాకోలో ఎఫ్2 స్ప్రింట్ (చిన్న) రేసు గెలిచాడు. మొనాకోలో ముందు నిలబడి చివరిదాకా తప్పు చేయకుండా నడపడం ఎంత కష్టమో తెలిసినవాళ్లకి ఆ గెలుపు విలువ తెలుస్తుంది. ఆ రేసు దొరికితే మొత్తం చూడండి, హైలైట్స్ చాలవు.