మాట్లాడని హీరో అంటే ఎందుకంత పిచ్చి?

సీతమ్మధార చదువరి:
ఏ రొమాన్స్ నవల తీసినా ఇదే గోల, హీరో ఆరడుగులు, పెద్ద కారు, మూతి ముడుచుకుని కూర్చోడం, హీరోయిన్ ఏదడిగినా ఒక్క ముక్కలో జవాబు. ఇంట్లో మొగుడు ఇలా ఉంటే వారం తిరక్కుండా అమ్మకి ఫోన్ చేసి ఏడుస్తాం, పుస్తకంలో అయితే తెల్లార్లూ చదువుతాం. నా లెక్కలో ఇది ఆడపిల్లలకి "ఓపిక పట్టు, వాడే మారతాడు" అని నూరిపోయడమే. కాదనేవాళ్లు రండి.

గాజువాక కుర్రోడు:
ఏటక్కా, నవల చదివి మొగుణ్ణి ఎంచుకుంటారా ఎవరైనా? మా అమ్మ యద్దనపూడి నవలలు పదేసిసార్లు చదివింది, చేసుకుంది మాత్రం నోరు మూతపడని మా నాన్నని 😂

ఎంవీపీ పిన్ని:
మీ అమ్మగారి బ్యాచే నేనూ. యద్దనపూడి "సెక్రటరీ" నవలలో హీరో రాజశేఖరం మనసులో ఏముందో హీరోయిన్ జయంతికి అర్థం కాదు, అపార్థం చేసుకుంటూ ఉంటుంది, మనమేమో ఆ పిల్ల పక్కనే కూర్చుని వాడి చూపుకీ మాటకీ అర్థాలు వెతుక్కుంటాం. మజా అంతా అందులోనే. ఇప్పుడు ఫోన్ యాప్‌లలో చదివే సీరియల్ కథల్లో ఒక ఎపిసోడ్ ఆమె వైపు, ఇంకోటి అతని వైపు, వాడు లోపల ఎంత కుమిలిపోతున్నాడో ముందే చెప్పేస్తారు, ఇంక వెతకడానికేం మిగిలింది?

సీతమ్మధార చదువరి:
వెతుక్కోవడం బానే ఉంది పిన్నిగారూ, కానీ వాడు అవమానిస్తే కూడా అందులో ప్రేమే వెతకాలా?

బీచ్ రోడ్ బుక్‌వార్మ్:
ఇక్కడే నాకు మండుద్ది. ఈ రకం హీరో అనగానే అందరూ 1813లో వచ్చిన జేన్ ఆస్టిన్ నవల ప్రైడ్ అండ్ ప్రెజుడిస్ హీరో డార్సీ పేరెత్తుతారు, కానీ అతను మొదటిసారి పెళ్లి చేసుకుంటానంటే హీరోయిన్ ఎలిజబెత్ మొహమ్మీదే కుదరదు పొమ్మంది, ఓపిక పట్టి కూర్చోలేదు. తర్వాత ఆమె చెల్లెలు విక్‌హామ్‌తో లేచిపోతే డార్సీ లండన్ వెళ్లి, వాళ్లని వెతికి, విక్‌హామ్ అప్పులు తీర్చి పెళ్లి చేయించాడు, అదీ తన పేరు బయటికి రాకుండా. చెల్లెలు నోరు జారితే, మేనమామ భార్య ఉత్తరం రాస్తే గానీ ఎలిజబెత్‌కి తెలీలేదు. 1847లో వచ్చిన జేన్ ఎయిర్ నవలలో హీరోయిన్ జేన్ కూడా అంతే, హీరో రోచెస్టర్ మొదటి పెళ్లాన్ని దాచాడని తెలియగానే ఇల్లు వదిలి పోయింది. మనవాళ్లు ఆ మూతి ముడుపు మాత్రం కాపీ కొట్టి, ఈ పొమ్మనడం, వెళ్లిపోవడం వదిలేశారు.

సీతమ్మధార చదువరి:
సరే, డార్సీని నా లిస్టులోంచి తీసేస్తా. మరి ఆ యాప్ సీరియల్స్‌లో పెళ్లాం చెయ్యి మెలిపెట్టి, రాత్రికి మందు రాసే సీఈఓ హీరో గాణ్ణి ఏం చేద్దాం? ఆ ఎపిసోడ్ల కింద కామెంట్స్ చూడండి, "సో కేరింగ్" అంట!

ఎంవీపీ పిన్ని:
అది దూరంగా ఉండటం కాదమ్మా, రౌడీతనం. రెండూ ఒకే గాటన కట్టకు.

గాజువాక కుర్రోడు:
ఆ కామెంట్స్ పెట్టేది మా హాస్టల్ బ్యాచే అనుకుంటా 🙈 సర్లే గానీ, ద్వారకానగర్ పబ్లిక్ లైబ్రరీలో సెక్రటరీ దొరుకుద్దా? అమ్మ కాపీకి అట్టలు ఊడిపోయాయి.