యూనివర్సిటీలకు ప్రత్యేక పరిశోధన నెట్‌వర్క్ ఇంకా అవసరమా? బయట దొరికే లీజ్డ్ లైన్ చాలదా?

నిడదవోలు_వేణు (చర్చ మొదలుపెట్టినవారు)

మాది ఒక రాష్ట్ర యూనివర్సిటీ, పేరు వద్దు. కంప్యూటర్ సెంటర్‌కి వచ్చిన గ్రాంటు దేనిమీద ఖర్చు పెట్టాలో తేల్చే కమిటీలో నన్నూ వేశారు. నేను కెమిస్ట్రీ వాణ్ణి. కమిటీలో రెండు వర్గాలు. యూనివర్సిటీలను, పరిశోధన సంస్థలను కలిపే ప్రభుత్వ నెట్‌వర్క్ ఉంది కదా, నేషనల్ నాలెడ్జ్ నెట్‌వర్క్, అదే ఎన్‌కేఎన్, దాని లింకును 1 జీబీపీఎస్ నుంచి 10కి పెంచుకుని తగిన రౌటర్లు కొందామని ఒక వర్గం. రెండు ప్రైవేటు కంపెనీల దగ్గర లీజ్డ్ లైన్లు, అంటే మనకే విడిగా అద్దెకిచ్చే ఇంటర్నెట్ లైన్లు, తీసుకుంటే గొడవ వదిలిపోతుందని రెండోది. నేను రెండో వర్గం.

1986లో ఎర్నెట్ అనే విద్యా, పరిశోధన నెట్‌వర్క్ మొదలైనప్పుడు ప్రత్యేక నెట్‌వర్క్‌కి అర్థం ఉంది. ఐక్యరాజ్యసమితి అభివృద్ధి కార్యక్రమం నిధులతో ఐఐఎస్సీని, ఐదు ఐఐటీలను కలిపారు. అప్పటికి ఈ దేశంలో ఇంటర్నెట్ కొందామన్నా అమ్మేవాడు లేడు. 2010 మార్చిలో కేంద్రం ఎన్‌కేఎన్‌కి 5,990 కోట్లు మంజూరు చేసినప్పుడు కూడా సరే, గిగాబిట్ లైను అద్దె మామూలు యూనివర్సిటీ భరించేది కాదు. ఇప్పుడు మా ఇంటికే 300 ఎంబీపీఎస్ వస్తోంది. ప్రభుత్వం ఇంకా సొంతంగా ఇంటర్నెట్ నడపడం ఎందుకు?

కాదనేవాళ్లు చెప్పండి. ‘ప్రపంచస్థాయి’ అనే మాట వాడకుండా చెప్తే సంతోషం.

ప్యాకెట్‌పంతులు

వేణు గారూ, ఆ 300 ఎక్కడి నుంచి ఎక్కడికి? మీ ఇంట్లో స్పీడ్ టెస్ట్ నొక్కితే అవతల సర్వర్ విజయవాడలోనో హైదరాబాద్‌లోనో ఉంటుంది. పరిశోధన డేటా జెనీవాలోనో మేరీల్యాండ్‌లోనో ఉంటుంది. తేడా అక్కడే వస్తుంది.

లెక్క చెప్తాను. ఇంటర్నెట్‌లో డేటా ప్యాకెట్లనే చిన్న ముక్కలుగా వెళ్తుంది, ఎంత వేగంగా పంపాలో చూసుకునేది టీసీపీ. పాత తరహా టీసీపీ ఒక్క ప్యాకెట్ పోయినా వేగం సగానికి తగ్గించి, మళ్లీ మెల్లగా పెంచుకుంటూ వస్తుంది. పదివేల ప్యాకెట్లలో ఒక్కటి పోతోందనుకోండి. పోయి రావడానికి 5 మిల్లీసెకన్లు పట్టే దూరమైతే ఒక కనెక్షన్‌కి దాదాపు 280 ఎంబీపీఎస్ దాకా వస్తుంది. అదే నష్టంతో 200 మిల్లీసెకన్ల దూరం, అంటే అమెరికా తూర్పు తీరం అనుకోండి, 7 ఎంబీపీఎస్ దగ్గరే ఆగిపోతుంది. మీరు కొన్నది 1 జీబీ లైనైనా, 10 జీబీ లైనైనా అదే 7.

మామూలు ఇంటర్నెట్ అమ్మేవాళ్లకి ఈ నష్టం పట్టదు. వీడియోలకి, వాట్సాప్‌కి అడ్డం రాదు కాబట్టి. పరిశోధన నెట్‌వర్క్ కట్టేదే ఆ ఒక్క ప్యాకెట్ కూడా పోకుండా చూడటానికి. లింకులు సగానికి మించి నిండనివ్వరు, దారి పొడవునా కొలుస్తూ ఉంటారు. మీరు డబ్బిచ్చేది దానికి.

నిడదవోలు_వేణు

పంతులు గారూ, ‘పాత తరహా టీసీపీ’ అని మీరే అన్నారు. గూగుల్ వాళ్లు 2016లోనే టీసీపీ వేగాన్ని వేరేలా లెక్కకట్టే బీబీఆర్ పద్ధతి తెచ్చారు కదా, అది ప్యాకెట్ నష్టాన్ని అంతగా పట్టించుకోదు. సాఫ్ట్‌వేర్‌తో పోయేదానికి కోట్లు పెట్టి ఫైబర్ ఎందుకు?

ప్యాకెట్‌పంతులు

బీబీఆర్ పెట్టాల్సింది పంపేవాడి మెషీన్‌లో సార్. డౌన్‌లోడ్ చేసుకునే మీ చేతిలో లేదు. అవతల ఆర్కైవ్ వాళ్లకి ఉత్తరం రాస్తారా?

జీనోమ్_సుజాత

మా ల్యాబ్ సంగతి చెప్తాను. పేరు చెప్పను, గైడ్ ఈ పేజీలు చదువుతారు. వరి జన్యుక్రమాల మీద పని. ఒక ప్రాజెక్టుకి 1 టెరాబైట్ దాకా డేటా దించుకోవాలి. 100 ఎంబీపీఎస్ నిలకడగా వస్తే 22 గంటలు. 1 జీబీపీఎస్ అయితే రెండుంపావు గంటలు. 10 అయితే 13 నిమిషాలు. ఇవి కాగితం మీది అంకెలు. నాకు నిజంగా వచ్చేది 6, 8, ఒక్కోసారి 11 ఎంబీపీఎస్. క్యాంపస్‌కి 1 జీబీ ఎన్‌కేఎన్ లింకు ఉంది, సగం కూడా వాడరని కంప్యూటర్ సెంటర్ వాళ్లే గ్రాఫ్ చూపించారు.

చివరికి ఏం చేస్తున్నామంటే, హైదరాబాద్‌లో ఉన్న స్నేహితురాలు అక్కడి సంస్థలో దించి, హార్డ్‌డిస్క్‌లో పెట్టి బస్సు కార్గోలో వేస్తుంది. కాబట్టి లింకు పెంచాలా వద్దా అనే మీ చర్చే నాకు కొంచెం దూరంగా అనిపిస్తోంది.

కేబుల్_బాబాయి

హార్డ్‌డిస్క్ అంటే చిన్నచూపు వద్దమ్మా. 2019లో బ్లాక్‌హోల్ ఫోటో విడుదల చేశారే, దానికోసం టెలిస్కోపులన్నీ కలిపి సేకరించిన సుమారు 5 పెటాబైట్లు డిస్కుల్లోనే విమానమెక్కాయి. దక్షిణ ధ్రువం డిస్కులైతే అక్కడ చలికాలం పోయి విమానాలు తిరిగేదాకా ఆగాల్సి వచ్చింది. అంత పెద్ద సైన్సే డిస్కుల మీద నడిచింది.

టెలికాంలో ముప్పై ఏళ్లు చేసి రిటైరయ్యాను. 2009లో అప్పటి మానవ వనరుల అభివృద్ధి మంత్రిత్వ శాఖ, ఇప్పటి విద్యా శాఖ, ఐసీటీ మిషన్ వచ్చింది. యూనివర్సిటీకి 1 జీబీ, కాలేజీలకి 512 కేబీపీఎస్ చొప్పున కనెక్షన్లు, ఖర్చులో 75 శాతం కేంద్రం, 25 శాతం సంస్థ. ఆ 25 శాతం కట్టలేక మానేసిన కాలేజీలు నాకు తెలుసు. కట్టి, మోడెం పెట్టె విప్పకుండా స్టాక్ రిజిస్టర్లో ఎక్కించి బీరువాలో పెట్టినవీ తెలుసు. మేం గేటు దాకా ఫైబర్ వేసి సంతకం తీసుకునేవాళ్లం. లోపల ఏమైందన్నది మా పని కాదు.

ఇండియానా_శ్రీను

బాబాయి గారూ, ఆ డిస్కుల ఉదాహరణ అన్నిటికీ అతకదు. బ్లాక్‌హోల్ డేటా ఆరు నెలలు ఆగినా పాడవదు. చిలీలో 2025లో తొలి చిత్రాలిచ్చిన రూబిన్ అబ్జర్వేటరీని చూడండి. ఆకాశంలో ఏదైనా మారితే 60 సెకన్లలోపు ప్రపంచానికి హెచ్చరిక పంపాలన్నది దాని లక్ష్యం. ఫోటో తీసిన సెకన్లలోనే డేటా కాలిఫోర్నియా చేరాలి. దానికి బస్సు కార్గో పనికిరాదు.

ఇక్కడ అమెరికాలోనూ వేణు గారి ప్రశ్నే వచ్చింది. 1996లో 34 యూనివర్సిటీలు కలిసి ఇంటర్నెట్2 అనే పరిశోధన నెట్‌వర్క్ సంస్థని మొదలుపెట్టాయి. 1999లో అబిలీన్ అనే నెట్‌వర్క్ 2.5 జీబీపీఎస్‌తో నడిచింది. మార్కెట్‌లో దొరుకుతుంటే మీకెందుకు అని అప్పుడూ అన్నారు. నిలబడటానికి కారణం వేగం కాదని నా అభిప్రాయం. దాని యజమానులు యూనివర్సిటీలే. చందా కట్టేది వాళ్లే, కాబట్టి పని చేయకపోతే అడిగేదీ వాళ్లే. ఆస్ట్రేలియాలో ఆర్నెట్ కూడా అంతే, చాలావరకు యూనివర్సిటీల సొంత కంపెనీ. మన ఎన్‌కేఎన్‌ని కేంద్ర ప్రభుత్వ ఐటీ సంస్థ ఎన్‌ఐసీ నడుపుతుంది, యూనివర్సిటీ లబ్ధిదారు. లబ్ధిదారు ఫిర్యాదు చేయడు.

పాలమూరు_లెక్చరర్

డిగ్రీ కాలేజీ వైపు నుంచి ఒక మాట. వన్ నేషన్ వన్ సబ్‌స్క్రిప్షన్ అనే కేంద్ర పథకం కింద 2025 జనవరి నుంచి దాదాపు 13,000 జర్నళ్లు ప్రభుత్వ విద్యాసంస్థలకి తెరిచారు. మూడేళ్లకి 6,000 కోట్లు. నాకు కావాల్సిన పేపర్ 2 ఎంబీ పీడీఎఫ్. దానికి 10 జీబీ అక్కర్లేదు, కరెంటు పోయినప్పుడు నెట్‌వర్క్ స్విచ్ ఆగిపోకుండా ఒక యూపీఎస్ కావాలి. టెలిస్కోపుల గురించి మాట్లాడేవాళ్లు దేశంలో ఎన్ని యూనివర్సిటీల్లో ఉంటారు? అందరికీ ఒకే కొలతతో నెట్‌వర్క్ కట్టడంలోనే తప్పుంది.

నిడదవోలు_వేణు

లెక్చరర్ గారికి నా ఓటు. పెద్ద డేటా ఉన్నవాళ్లు పట్టుమని పది సంస్థలు. జెనీవాలోని కణ భౌతిక ప్రయోగశాల సెర్న్ డేటాకి ముంబైలో టీఐఎఫ్‌ఆర్, కోల్‌కతాలో వీఈసీసీ కేంద్రాలు ఉన్నాయి, వాళ్లకి ఇవ్వండి. నేషనల్ సూపర్‌కంప్యూటింగ్ మిషన్ యంత్రాలున్న చోట్లకి ఇవ్వండి. మిగతా వాళ్లం లీజ్డ్ లైన్ కొనుక్కుంటాం. పెద్ద డేటా ఎప్పుడైనా కావాలంటే క్లౌడ్ ఉంది, డేటా ఉన్నచోటే లెక్క చేసుకోవచ్చు.

జీనోమ్_సుజాత

క్లౌడ్ బిల్లు డాలర్లలో వస్తుంది సార్. మా అకౌంట్స్ సెక్షన్ దాన్ని ఏ హెడ్ కింద రాయాలో తేల్చేలోపు నా ఫెలోషిప్ అయిపోతుంది. పైగా దించుకోవడమే కాదు, జన్యుక్రమం చదివే మా సీక్వెన్సర్ యంత్రం నుంచి వచ్చింది పైకి పంపాలి కూడా.

ఆ ‘పది సంస్థలు’ అనే లెక్క నాకు నచ్చలేదు. ఐఐటీ హైదరాబాద్‌లో పరమ్ సేవ సూపర్‌కంప్యూటర్ ఉంది. దాన్ని వాడుకోవాల్సింది అక్కడివాళ్లే కాదు కదా. నెట్‌వర్క్ మంచిగా ఉన్నచోటే పెద్ద డేటా పని చేస్తారు. చేసేవాళ్లు లేరు కాబట్టి ఇవ్వొద్దంటే, జిల్లా యూనివర్సిటీల్లో ఎప్పటికీ మొదలవదు.

ప్యాకెట్‌పంతులు

సుజాత గారి 8 ఎంబీపీఎస్ దగ్గరికి వెనక్కి వస్తాను, అసలు విషయం అక్కడుంది. బయట చెరువు నిండా నీళ్లున్నాయి, పొలం కాలువ పూడిపోయింది. నేను చూసిన క్యాంపస్‌లలో ఎక్కువ చోట్ల వరస ఇదే: ఎన్‌కేఎన్ రౌటర్, దాని వెనక అందరికీ కలిపి ఒక ఫైర్‌వాల్, అంటే వచ్చేపోయే డేటాని వడపోసే పెట్టె, దాని వెనక పదిహేనేళ్ల నాటి స్విచ్‌లు. ఫైర్‌వాల్ కొన్నది హాస్టల్ పిల్లల ఓటీటీని, టొరెంట్లను ఆపడానికి. వేలాది చిన్న కనెక్షన్లకి అది బాగానే పనిచేస్తుంది. ఒకే ఒక్క పెద్ద ఫైల్ వేగంగా వస్తే దాని బఫర్, అంటే ప్యాకెట్లు కాసేపు ఆగే జాగా, పొంగి ప్యాకెట్లు పారేస్తుంది. ఆ నష్టం ఏ గ్రాఫ్‌లోనూ కనిపించదు.

దీనికి అమెరికా ఇంధన శాఖ నెట్‌వర్క్ ఈఎస్‌నెట్ వాళ్లు 2010 ప్రాంతంలోనే ఒక పద్ధతి చెప్పారు, సైన్స్ డీఎంజెడ్ అంటారు. పరిశోధన డేటా మెషీన్‌ని ఫైర్‌వాల్ వెనక కాకుండా ముందే, రౌటర్ పక్కన పెట్టాలి. దాని భద్రత రౌటర్‌లోనే, ఎవరిని రానివ్వాలో రాసిన యాక్సెస్ లిస్టుతో చూసుకోవాలి. అక్కడే పెర్ఫ్‌సోనార్ అనే నెట్‌వర్క్ కొలిచే సాఫ్ట్‌వేర్ పెట్టి రోజూ కొలవాలి. ఒక మంచి సర్వర్, ఒక స్విచ్. పెద్ద ఖర్చు కాదు.

వేణు గారూ, వాదన పక్కన పెట్టి ఒక పని చేయండి. రౌటర్ పక్కన ఒక ల్యాప్‌టాప్, మీ ల్యాబ్‌లో ఒకటి పెట్టించి, బయట తెలిసిన ఏదైనా క్యాంపస్‌కి ఐపెర్ఫ్ అనే వేగం కొలిచే ప్రోగ్రాం నడపండి. రెండు అంకెలూ ఇక్కడ పెట్టండి.

నిడదవోలు_వేణు

చేయించాను. కంప్యూటర్ సెంటర్‌లో ఉన్న ఒక్క ఔట్‌సోర్సింగ్ కుర్రాడే చేసిపెట్టాడు. రౌటర్ పక్కన 930 ఎంబీపీఎస్. నా ల్యాబ్‌లో 92. మా బిల్డింగ్ స్విచ్ పోర్టులు 100 ఎంబీవేనట.

దీన్నిబట్టి నేను చెప్పేదే కుదురుతోంది కదా? 1 జీబీయే ల్యాబ్ దాకా రావట్లేదు, 10 ఎవరికోసం?

ప్యాకెట్‌పంతులు

అదే అంకెని నేను ఇంకోలా చదువుతాను. మీరు కొనాలనుకుంటున్న లీజ్డ్ లైన్ కూడా ఆ స్విచ్ వెనకాలే వస్తుంది, అప్పుడూ 92. ముందు రౌటర్ నుంచి పరిశోధన ల్యాబులకి విడిగా ఫైబర్ లాగండి, తర్వాత 10 మాట. లీజ్డ్ లైన్ తీసుకోవాలనుకుంటే హాస్టళ్లకి తీసుకోండి, దానికి నేను అడ్డం చెప్పను. ఎన్‌కేఎన్ మీద ఆ భారం తగ్గుతుంది.

ఇండియానా_శ్రీను

ఆ ఔట్‌సోర్సింగ్ కుర్రాడి సంగతేంటి? మీ రెండు ప్రతిపాదనల్లోనూ మనిషి జీతం కనిపించలేదు.

కేబుల్_బాబాయి

గ్రాంటులో జీతాలకి ఒప్పుకోరు బాబూ. పరికరాలకే. ఏఎంసీ, అదే పరికరాల నిర్వహణ ఒప్పందం, అది కూడా మూడేళ్లే రాస్తారు.

నిడదవోలు_వేణు

నిజమే, పరికరాల హెడ్డే ఉంది. ఆ కుర్రాడి కాంట్రాక్టు మార్చితో అయిపోతుందట. సోమవారం మీటింగ్. లీజ్డ్ లైన్ మాటని నేను వెనక్కి తీసుకోవట్లేదు, కాకపోతే హాస్టళ్లకి, ల్యాబులకి విడివిడిగా రాస్తాను. నెట్‌వర్క్ ఇంజనీర్ పోస్టుని యూనివర్సిటీ సొంత నిధుల నుంచి పెట్టించుకున్న వాళ్లెవరైనా ఉంటే, రిజిస్ట్రార్‌కి పెట్టిన నోట్‌లో ఏం రాశారో చెప్తారా? ఆదివారం లోపల కావాలి.

ప్యాకెట్‌పంతులు

మాది పంపిస్తాను. రెండుసార్లు తిప్పి పంపారు, మూడోసారి ఒప్పుకున్నారు. ఆ మూడోసారి రాసిందే పెట్టండి.